శిక్షణార్థులకు వసతి – యజమానుల బాధ్యత

చదువు ముగియడానికి, ఉద్యోగం మొదలు కావడానికి నడుమ ఒక దశ ఉన్నది. కచేరీలలో దీనిని ఒకప్పుడు ఉమేదువారీ అనేవారు. కర్మాగారాలలో అప్రెంటిస్‌షిప్ అన్నారు. ఆసుపత్రులలో హౌస్ సర్జన్సీ అన్నారు. నేడు అన్ని రంగాలవారు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పేరు ఏదైనా విషయం ఒక్కటే: పుస్తకంలో చదివిన దానిని పనిలో పెట్టి నేర్చుకొనే కాలం అది. మన విద్యార్థినీ విద్యార్థులలో చాలామంది ఈ దశను దాటవలసినవారే.

ఎంపికైన విద్యార్థికి సంస్థ నుండి ఉత్తరం వస్తుంది. ఏ తేదీన చేరవలెనో, ఏ విభాగంలో పని చేయవలెనో, నెలకు ఎంత భత్యం ఇస్తారో అందులో ఉంటుంది. రాత్రి ఎక్కడ తల దాచుకోవలెనో మాత్రం సాధారణంగా ఉండదు. అది విద్యార్థి సొంత విషయమని, తల్లిదండ్రులు చూసుకొనవలసినదని సంస్థలు తలుస్తాయి. ఈ అభిప్రాయం సరి కాదని మేము భావిస్తున్నాము. శిక్షణ ఇచ్చే యజమాని శిక్షణార్థికి యోగ్యమైన వసతిని కూడా సమకూర్చవలెనని, వసతి శిక్షణలో భాగమేనని ఈ వ్యాసంలో వివరింప దలచినాము.

పూర్వపు పద్ధతి

నేర్చుకొనేవాడికి నేర్పేవాడే నీడ చూపవలెననే భావం కొత్తది కాదు. మన గురుకులాలలో శిష్యుడు గురువుగారి ఇంటనే ఉండి చదివేవాడు. వృత్తికళలలో ఉస్తాదు ఇంట శాగిర్దు కుటుంబంలో ఒకడుగా మెలిగి పని నేర్చుకొనేవాడు. దక్కను ప్రాంతానికే వస్తే, బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ బీదరులో కట్టించిన మదరసా 1472లో పూర్తి అయినది. మూడంతస్తుల ఆ భవనంలో ఉపన్యాస మందిరాలు, గ్రంథాలయంతో పాటు అధ్యాపకులకు, విద్యార్థులకు నివాసపు గదులు కూడా ఉండేవి. దూరదేశాల నుండి వచ్చే విద్యార్థికి పాఠం ఎంత అవసరమో పడక కూడా అంతే అవసరమని కట్టించినవారు గ్రహించినారు.

ఐరోపాలోనూ ఇదే ఆచారం. ఇంగ్లండులో 1563 నాటి శాసనం చేతివృత్తులకు ఏడేండ్ల శిక్షణను నిర్ణయించినది. ఆ ఏడేండ్లూ శిష్యుడు యజమాని ఇంట తిని, యజమాని ఇంట నిద్రించేవాడు. ఫ్రాన్సులో ఊరూరు తిరిగి పని నేర్చుకొనే యువవృత్తికారులకు వారి సంఘాలే ప్రతి పట్టణంలో వసతి గృహాలను నడిపినవి. ఆ సంప్రదాయం నేటికీ జీవించి ఉన్నది. దానిని యునెస్కో 2010లో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చినది.

యంత్రయుగం వచ్చిన తరువాత పరిస్థితి మారినది. ఇంగ్లండులోని నూలు మిల్లుల యజమానులు అనాథ బాలబాలికలను అప్రెంటిసులుగా తెచ్చుకొని, మిల్లుల ప్రక్కనే ఇరుకు గదులలో ఉంచినారు. గాలి లేదు, శుభ్రత లేదు, జ్వరాలు వ్యాపించినవి. దానిపై బ్రిటిష్ పార్లమెంటు 1802లో ఒక చట్టం చేసినది. దానిని ప్రతిపాదించిన సర్ రాబర్ట్ పీల్ స్వయంగా మిల్లు యజమాని. ఆ చట్టం పనిగంటలను పన్నెండుకు పరిమితం చేసినది. దానితో పాటు గదులకు సంవత్సరానికి రెండు పర్యాయాలు సున్నం వేయించవలెనని, గాలి వచ్చేటట్లు తగినన్ని కిటికీలు ఉండవలెనని, బాలురకు బాలికలకు వేర్వేరు పడక గదులు ఇవ్వవలెనని, ఒక పడకపై ఇద్దరికి మించి పడుకోబెట్టరాదని ఆదేశించినది. తనిఖీ సరిగా లేనందున దాని అమలు అంతంత మాత్రమే అయినది. అయినా కర్మాగారాలను గూర్చిన ఆ తొలి చట్టమే పనిగంటల సరసన పడకగదిని కూడా చేర్చినదన్న సంగతి గమనింపదగినది.

నేటి శిక్షణార్థి స్థితి

పూర్వపు శిష్యుడు గురువు ఇంటి బిడ్డ. నేటి ఉద్యోగి జీతం తీసుకొనే మనిషి. ఆ జీతంలో ఇంటి అద్దె భత్యం కూడా కలిసి ఉండవచ్చును. శిక్షణార్థి ఈ రెండింటికీ చెందడు. మన దేశంలో 1961 నాటి అప్రెంటిసుల చట్టం 18వ సెక్షను అప్రెంటిసు శిక్షణ పొందేవాడే కాని కార్మికుడు కాడని స్పష్టంగా చెప్పుచున్నది. 14వ సెక్షను అతని ఆరోగ్యం, భద్రత, సంక్షేమం కర్మాగారపు కార్మికునితో సమానంగా ఉండవలెనన్నది. కాని ఆ రక్షణ శిక్షణ జరిగే చోటికి సంబంధించినది. సాయంత్రం గేటు దాటిన తరువాత అతని బాగోగులు అతనివే.

అతని చేతిలో ఉండే డబ్బు ఎంత? 2019లో సవరించిన నిబంధనల ప్రకారం అప్రెంటిసులకు కనీస భత్యం వారి చదువును బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయల వరకు నిర్ణయమైనది. కేంద్ర ప్రభుత్వం 2024 జూలై బడ్జెటులో ప్రకటించి, అదే సంవత్సరం అక్టోబరులో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు నిర్ణయించినారు. అందులో 4,500 ప్రభుత్వానిది, 500 కంపెనీది. చేరినప్పుడు ఒకేసారి ఇచ్చే 6,000 దీనికి అదనం. అయిదు వేలను ముప్పది రోజులకు పంచితే రోజుకు 166 రూపాయలు వచ్చును. ఉదయపు టిఫిను, రెండు పూటల భోజనం, బస్సు ఛార్జీ, సబ్బు, మందు బిళ్ళ, ఫోను ఖర్చు – ఇవన్నీ దానిలోనే. ఇంటి నుండి రోజూ వెళ్ళి వచ్చేవానికి ఈ మొత్తం చేయూత కాగలదు. పరాయి ఊరిలో పడకకు కూడా అద్దె కట్టవలసినవానికి ఇది ఏ మూలకూ చాలదు.

ఈ లెక్క ఫలితం అనుభవంలో కనిపించినది. ఆ పథకపు మొదటి విడతలో కంపెనీలు సుమారు 1 లక్షా 27 వేల అవకాశాలను చూపినవి. 82 వేలకు పైగా ఆహ్వానాలు వెళ్ళినవి. అంగీకరించినవి 28 వేల పైచిలుకు. తీరా చేరినవారు సుమారు 8,700 మంది మాత్రమే. అభ్యర్థులు వెనుకాడడానికి శిక్షణ జరిగే ప్రదేశం, పన్నెండు నెలల కాలపరిమితి ముఖ్య కారణాలలో ఉన్నవని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపినది. దూరం అనే మాటలో వసతి సమస్య ఇమిడి ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి ప్రవేశపెట్టిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినారు. ఇంజనీరింగు విద్యలో 2018 నాటి ఎ.ఐ.సి.టి.ఇ. నమూనా ప్రణాళిక దానికి మార్కుల గణనలో స్థానం కల్పించినది. ఉద్దేశం మంచిదే. అయితే తప్పనిసరి చేసిన పనికి తగిన వసతి చూపకపోతే ఆ భారం ఎవరిపై పడును? నగరంలో మేనమామ ఇల్లో పెద్దన్న ఇల్లో ఉన్న విద్యార్థికి ఇబ్బంది లేదు. నారాయణపేట నుండియో, ఆదోని నుండియో వచ్చి, ఇంటిలో తొలిసారి డిగ్రీ చదువుచున్న విద్యార్థికి మాత్రం మంచి సంస్థ వదలి, ఊరికి దగ్గర ఉన్న ఏదో ఒక చోట సంతకం పెట్టించుకొనడమే గతి అవుతుంది. ఈ విధంగా శిక్షణ ప్రతిభను బట్టి కాక, నగరంలో ఉన్న బంధువులను బట్టి దొరుకుతుంది. ఇది విద్యార్థికి నష్టం. తెలివిగల పనివారిని ఎంచుకోవలసిన సంస్థకు కూడా నష్టమే.

నగరంలో గది వేట

హైదరాబాదు అమీర్‌పేటలోను, మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలలోను వందలాది ప్రైవేటు హాస్టళ్ళు ఉన్నవి. ఒక్కొక్క గదిలో ముగ్గురు, నలుగురు, అయిదుగురు ఉండే పద్ధతిని అక్కడ 'షేరింగు' అంటారు. మంచాల సంఖ్య పెరిగే కొద్దీ అద్దె తగ్గుతుంది. గాలి, నిద్ర, చదువు కూడా తగ్గుతవి. ఎవరో ఒకరు రాత్రి పాళీ పని ముగించి తెల్లవారుజామున వస్తారు. మరొకరు ఆరు గంటలకే లేచి వెళ్ళవలెను. విడి గది తీసుకొందామంటే యజమానులు ముందుగా అడ్వాన్సు అడుగుతారు. రెండు నెలల కొరకు వచ్చినవారికి ఇల్లు ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు. పేరు అడిగి, ఊరు అడిగి, ఏమి తింటారని అడిగి, ఆ తరువాత గది ఖాళీ లేదని చెప్పడం కూడా మన విద్యార్థులకు తెలియని అనుభవం కాదు. సంస్థ పేరిట వసతి ఏర్పాటైతే ఈ ప్రశ్నలకు తావే ఉండదు.

విద్యార్థినుల విషయం మరింత సున్నితమైనది. అమ్మాయిని పై చదువుకు పంపిన తల్లిదండ్రులు కూడా నమ్మకమైన వసతి లేనిదే పరాయి ఊరికి శిక్షణకు పంపడానికి జంకుతారు. వారిని ఛాందసులని నిందించుట సులభం. కాని వారి భయానికి ఆధారాలు ఉన్నవి.

2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో ఒక లాడ్జి క్రింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచినవి. పొగ మెట్ల దారి గుండా పై అంతస్తులకు కమ్ముకొన్నది. పనుల మీద నగరానికి వచ్చి అక్కడ బస చేసినవారిలో ఎనిమిది మంది మరణించినారు. చౌకగా దొరికే బసలో చేరేవాడు మంచం చూస్తాడు, కుళాయి చూస్తాడు. రెండవ మెట్ల దారి ఉన్నదా అని చూసే అలవాటు ఇరువది ఏండ్ల విద్యార్థికి ఎక్కడిది? సంస్థలకు మాత్రం అగ్నిప్రమాద నివారణ నియమాలు తెలిసిన అధికారులు ఉంటారు. ఆ పరిశీలన వారు చేయగలరు.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, సుదీర్ఘమైన పని తరువాత సెమినారు గదిలో విశ్రమించిన శిక్షణ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురియైనది. దేశమంతా కదిలినది. ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించుచు, రాత్రి పనిలో ఉండే వైద్యులకు తగిన విశ్రాంతి స్థలాలు లేకపోవుటను ప్రత్యేకంగా ఎత్తి చూపినది. 'హౌస్ సర్జన్', 'రెసిడెంటు' అనే పేర్లే వైద్యుడు ఆసుపత్రిలోనే నివసించేవాడని తెలుపుచున్నవి. పేరులో మిగిలిన నివాసం వాస్తవంలో కొరవడినప్పుడు ఎంతటి ఘోరానికి తావు ఏర్పడునో ఈ సంఘటన చెప్పినది.

యోగ్యమైన వసతి అంటే ఏమి?

అప్రెంటిసుల చట్టం వచ్చిన 1961వ సంవత్సరంలోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్మికుల గృహవసతిని గూర్చి 115వ సిఫారసును ఆమోదించినది. ఒంటరిగా ఉండేవారికి సామూహిక వసతి కల్పించినప్పుడు పాటించవలసిన విషయాలను అది చెప్పినది. ఒక్కొక్కరికి విడి పడక, స్త్రీలకు పురుషులకు వేర్వేరు నివాసం, పరిశుభ్రమైన నీరు, మురుగు పారుదల, మరుగుదొడ్లు, గాలి వెలుతురు, భోజనశాల, విశ్రాంతి గది, వైద్య సదుపాయం – ఇవి అందులోని ముఖ్యాంశాలు. ఇందులో విలాసమైనది ఏదీ లేదు.

మన కాలానికి, మన శిక్షణార్థులకు మరి కొన్నింటిని చేర్చవచ్చును. తాళం వేసుకొనే పెట్టె లేదా అలమర, చదువుకొనడానికి బల్ల, వెలుగు కావలెను. పని స్థలానికి నడచి వెళ్ళదగిన దూరమో, లేకున్న రాత్రివేళ సంస్థ వాహనమో ఉండవలెను. అత్యవసర ద్వారం, మంటలార్పే పరికరం ఉండవలెను. ఎవరి ఆహార నియమాలను, ఎవరి ప్రార్థన వేళలను వారు పాటించుకొనే వీలు ఉండవలెను. ఫిర్యాదు చేయడానికి, శిక్షణ మార్కులతో సంబంధం లేని ఒక అధికారి ఉండవలెను.

వీటి వలన యజమానికి కలిగే ప్రయోజనం ప్రత్యక్షమైనది. రెండు బస్సులు మారి, నిద్ర చాలక వచ్చిన యువకుడు లేత్ యంత్రం ముందు నిలబడితే ప్రమాదం అతనికే కాదు. అప్రెంటిసుకు శిక్షణలో గాయమైతే నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత 16వ సెక్షను ప్రకారం యజమానిదే. కుదుటపడిన మనస్సుతో వచ్చినవాడు వేగంగా నేర్చుకొనును. శిక్షణ మధ్యలో మానుకొని పోయేవారి సంఖ్య తగ్గును. తనను ఆదరించిన సంస్థలోనే ఉద్యోగానికి చేరవలెనని శిక్షణార్థికి కోరిక కలుగును.

ఆక్షేపణలు – సమాధానాలు

మొదటి ఆక్షేపణ ఖర్చు. పెద్ద కంపెనీలకు ఇది భారం కాదని అందరూ ఒప్పుకొందురు. ఇరువది మంది పనిచేసే చిన్న కార్ఖానా హాస్టలు ఎట్లు కట్టగలదు? నిజమే, కట్టలేదు; కట్టనక్కరలేదు కూడా. ఒక పారిశ్రామిక వాడలోని సంస్థలన్నీ కలిసి ఒక వసతి గృహాన్ని అద్దెకు తీసుకొనవచ్చును. వేసవి సెలవులలో కళాశాలల హాస్టళ్ళు ఖాళీగా ఉంటవి. వాటిని ఒప్పందంపై ఇవ్వవచ్చును. ప్రభుత్వం చేయి వేస్తే ఇంకా పెద్ద పని జరుగును. తమిళనాడులోని వల్లం వడగాల్ వద్ద రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సుమారు 706 కోట్ల రూపాయలతో నిర్మించిన నివాస సముదాయం 2024 ఆగస్టులో ప్రారంభమైనది. అందులో 18,720 మంది మహిళా కార్మికులకు వసతి ఉన్నది. శిక్షణార్థులకు కూడా ఇటువంటి ఏర్పాటు అసాధ్యం కాదు.

రెండవ ఆక్షేపణ బలమైనది. వసతి కూడా యజమాని చేతిలో ఉంటే శిక్షణార్థి పూర్తిగా అతని గుప్పిట్లో చిక్కుకొనడా? 115వ సిఫారసు కూడా యజమానులు నేరుగా గృహవసతి కల్పించుట సాధారణంగా వాంఛనీయం కాదన్నది. దానికి ఉదాహరణలు మన చుట్టుప్రక్కలనే ఉన్నవి. తమిళనాడులోని కొన్ని నూలు మిల్లులు పేదింటి అమ్మాయిలను అప్రెంటిసుల పేరిట మూడేండ్లు హాస్టళ్ళలో ఉంచి, స్వేచ్ఛగా బయటికి పోనీయక పని చేయించుకొన్నవి. పెండ్లి ఖర్చుకు పనికివచ్చునని ఆశ పెట్టి, మొత్తం సొమ్ము చివరకు ఇచ్చెదమన్నవి. దానికి 'సుమంగళి' అనే మంగళకరమైన పేరు పెట్టినారు. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరులోని ఫాక్స్‌కాన్ ఫోనుల కర్మాగారపు మహిళా కార్మికులు హాస్టలులో కలుషితాహారం తిని జబ్బుపడగా, 159 మంది ఆసుపత్రి పాలైనారు. తోటివారు రహదారిపై బైఠాయించినారు. కొన్ని వసతులు తమ ప్రమాణాలకు తగినట్లు లేవని ఆపిల్ కంపెనీ అంగీకరించి, ఆ కర్మాగారాన్ని పరిశీలనలో ఉంచినది. కొన్ని వారాలు పని ఆగిపోయినది. హాస్టలుపై చూపని శ్రద్ధకు మూల్యం కర్మాగారమే చెల్లించినది.

అందువల్లనే మేము కేవలం వసతి అనక, యోగ్యమైన వసతి అంటున్నాము. ఆ సిఫారసే కొన్ని సందర్భాలలో మినహాయింపు చెప్పినది. పని స్థలం జనావాసాలకు దూరంగా ఉన్నప్పుడు, పని స్వభావాన్ని బట్టి మనిషి వెంటనే అందుబాటులో ఉండవలసినప్పుడు యజమాని వసతి కల్పించవచ్చునన్నది. కొద్ది నెలల కొరకు పరాయి ఊరికి వచ్చి, అద్దెకు ఇల్లు దొరకక తిరిగే శిక్షణార్థి విషయంలో కూడా ఈ మినహాయింపు న్యాయమని మా అభిప్రాయం. అయితే కొన్ని కట్టుబాట్లు ఉండవలెను. వసతిలో ఉండుట శిక్షణార్థి ఇష్టం కావలెను. వద్దన్నవానికి దానికి బదులు భత్యం ఇవ్వవలెను. పని వేళ ముగిసిన తరువాత రాకపోకలకు స్వేచ్ఛ ఉండవలెను. సర్టిఫికెట్లను, ఆధార్ కార్డులను దగ్గర ఉంచుకొనరాదు. శిక్షణ మానినంత మాత్రాన అర్ధరాత్రి బయటికి పంపరాదు. నిర్వహణను వేరొక సంస్థకు అప్పగించినా చివరి జవాబుదారీ యజమానిదే కావలెను.

మూడవ ఆక్షేపణ, ఇది యజమాని పని కాదనుట. తేయాకు మొదలైన తోటల కార్మికులకు గృహాలు కల్పించే బాధ్యతను 1951 నాటి చట్టం యజమానులపై ఉంచినది. వలస కార్మికులకు తగిన నివాసం చూపవలెనని 1979 నాటి చట్టం గుత్తేదారులను ఆదేశించినది. తరువాత ఈ రెండు చట్టాలు 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిసినవి. పనికై దూరం నుండి వచ్చిన మనిషి తల దాచుకొనే చోటు పని ఇచ్చినవాని ధర్మమన్న సూత్రం మన చట్టాలకు కొత్త కాదు. దానిని శిక్షణార్థికి కూడా వర్తింపజేయుటయే మిగిలినది. జంషెడ్‌జీ టాటా 1902లో కుమారునికి వ్రాసిన లేఖలో, ఇంకా పుట్టని ఉక్కు పట్టణంలో విశాలమైన వీధులు, చెట్ల నీడలు, ఆటస్థలాలు, దేవాలయాలకు మసీదులకు చర్చిలకు స్థలాలు ఉండవలెనని కోరినాడు. ఉక్కు కంపెనీ ఏర్పడినది 1907లో. పని ఇచ్చేవాడు పనివారి నివాసాన్ని గూర్చి ముందుగానే ఆలోచించవచ్చునని అది చూపినది.

మనము చేయదగినవి

చట్టం మారే వరకు చేతులు ముడుచుకొని కూర్చొననక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది: శిక్షణ కొరకు సంస్థలతో ఒప్పందం వ్రాసుకొనునప్పుడు వసతి విషయమై ఒక నిబంధన చేర్చవలెను. వసతి గాని, దానికి తగిన భత్యం గాని ఇచ్చే సంస్థలకు ప్రాధాన్యం ఇవ్వవలెను. ఇతర పట్టణాలలోని కళాశాలలతో మాట్లాడి, సెలవులలో వారి హాస్టలు మన విద్యార్థులకు, మన హాస్టలు వారి విద్యార్థులకు తెరచి ఉంచే ఏర్పాటు చేయవలెను. విద్యార్థినుల వసతిని పంపడానికి ముందే ఒక అధ్యాపకురాలు వెళ్ళి చూసి రావలెను. శిక్షణ ముగించి వచ్చినవారు తాము బస చేసిన చోటును గూర్చి మంచిచెడ్డలను వ్రాయడానికి కార్యాలయంలో ఒక పుస్తకం ఉంచవలెను. తరువాతి సంవత్సరం వారికి అది దారి చూపును.

సోదర విద్యార్థులకు చెప్పునది కూడా ఉన్నది. భత్యం ఎంత అని అడిగినట్లే వసతి సంగతి ఏమని అడుగుట తప్పు కాదు, చిన్నతనం కాదు. పడక ఎన్నింటిలో ఒకటి, నీరు ఎట్లు, మెట్ల దారులు ఎన్ని, రాత్రి తిరిగి వచ్చునప్పుడు తోడు ఎవరు అని సంకోచం లేకుండా అడగవలెను. జవాబును వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను.

నేడు శిక్షణకు పోవుచున్న మన విద్యార్థులలో కొందరు రేపు అధికారులు, పరిశ్రమల యజమానులు కాగలరు. అప్పుడు తమ వద్దకు నేర్చుకొన వచ్చిన పల్లెటూరి పిల్లవానికి, పిల్లకు పంపే ఉత్తరంలో తేదీ, విభాగం, భత్యంతో పాటు వారు ఉండబోయే గది చిరునామాను కూడా వ్రాయగలరని ఆశించుచున్నాము.